అరుగు ఇంట్లోదా, బయటిదా?

మా బాపుకు కూర్చోవడం వచ్చు. నాకు రాదు. పెళ్లిలోనైనా, బస్సులోనైనా, ఆఫీసు కుర్చీలోనైనా కాసేపు కూర్చుంటే చాలు, ఇంట్లో గ్యాస్ ఆర్పానో లేదో అని గుర్తొస్తుంది, లేచి నిలబడతాను. "నీ కాళ్లకు చక్రాలు పెట్టి కన్న నిన్ను" అంటుంది అమ్మ. బాపు సిటీ బస్సుల డిపోలో మెకానిక్. ఎక్కడ బస్సు ఆగిపోతే అక్కడికి పోయి, రోడ్డు మీద దాని కింద దూరి, బాగుచేసి వచ్చేవాడు. అలాంటి మనిషి రిటైరైన మర్నాడు పొద్దున్నే వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. ఇక లేవడేమో అనిపించింది మాకు.

పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో కింది పోర్షన్ మాది, అద్దెకు. పైన ఓనర్లు ఉంటారు. గడప దాటగానే షాబాదు బండలు పరిచిన అరుగు, దాని మీదికి పై అంతస్తు స్లాబు కాస్త ముందుకు వచ్చి ఉంటుంది. ఓనరు ఆంటీ వాళ్లది కోస్తా, ఆవిడ దాన్ని వీధరుగు అంటుంది. బాపు గద్దె అంటాడు. ఎదురింటి ఖాలా, ఉర్దూలో పిన్నమ్మ అన్నట్టు, తన ఇంటి ముందున్న దాన్ని చబుత్రా అంటుంది. ఎవరేమన్నా దాని పని ఒకటే, లోపలికి పిలవక్కర్లేని మనిషిని పొమ్మనకుండా కూర్చోబెట్టడం. లోపలికి పిలిస్తే చాయ్ పెట్టాలి, విడిచేసిన బట్టలు ఎత్తేయాలి. వాకిట్లో నిలబెడితే మర్యాద కాదు. అరుగు మీదైతే ఈ తంటా ఏమీ లేదు. ఆకుకూరలామె గంప దించుకుని కొంగుతో మొహం తుడుచుకునేది. కరెంటు మీటరాయన ఫోన్‌లో పాటలు వింటూ బిల్లు కొట్టేవాడు. అమ్మ చిక్కుడుకాయలు తుంచేది, వానొస్తే తడిసిన గొడుగులన్నీ అక్కడే, చెప్పులు అక్కడే, ఖాళీ సిలిండరు అక్కడే.

బాపు మాత్రం సాయంత్రాలన్నీ అక్కడే గడిపేవాడు. ఎదురుగా ఖాలా తన చబుత్రా మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుకునేది. ఇద్దరి మధ్య ఒక ఆటో పట్టేంత గల్లీ. బాపు ఆమెను అక్క వరసన ఆపా అనేవాడు, ఆమె బాపును భాయ్ అనేది. ఆమె సగం ఉర్దూ, ఈయన సగం తెలుగు, రెండు సగాలూ కలిసి చాలా ఏళ్లు బండి నడిచింది. మధ్యలో బైకు వెళ్తే మాట ఆపి, వెళ్లాక ఆపిన చోటి నుంచే ఎత్తుకునేవారు.

అరుగు గురించి ఓనర్లతో ఒకసారి పేచీ వచ్చింది. ఒక ఎండాకాలం బాపు అక్కడ నవారు మంచం వేసుకున్నాడు. ఆంటీ మెట్లు దిగి వచ్చింది.

"ఏమనుకోకండి అన్నయ్యగారూ. అరుగు మీ పోర్షన్‌లోది కాదండీ. అది వీధి కింద లెక్క, అందరిదీనూ. మంచాలు వేసుకుంటే ఎలా చెప్పండి?"

బాపు నవ్వి మంచం మడిచేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పైకి వెళ్లి నాలుగు అడిగి వద్దామని లేస్తే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అందరిది అంటే మనది గూడ గదా బిడ్డా" అన్నాడు బాపు. ఆ మాట నేను మర్చిపోలేదు. కోపం వచ్చిన మాటలు నాకు బాగా గుర్తుంటాయి.

పోయిన వానాకాలం బాపుకు దగ్గు పట్టుకుంది. దగ్గు జ్వరమైంది, జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. పెద్దాసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి మిషను పెట్టారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ల కింద నలుపులు. "మా ప్రయత్నం మేం చేస్తున్నాం. దగ్గరి వాళ్లకు ఫోన్లు చేసుకోండి" అంది. ఆ మాటకు అర్థం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నేను కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం మొదలుపెట్టాను. వార్డు ఆయా రెండుసార్లు కసిరింది, కూసోమ్మా నువ్వు అని.

అమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

"మీ బాపును యాడ దింపుతం?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మా ఇంటి వెనక పోర్షన్‌లో ఇంతకుముందు ఒకాయన ఉండేవాడు, ఉస్మాన్‌గంజ్‌లో కిరాణా హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆయన ఆసుపత్రిలో పోయాడు. ఓనర్లు ఒప్పుకోలేదు. అంబులెన్సు గల్లీ మొగన, మూసి ఉన్న షట్టరు ముందు ఆగింది. ఆయన భార్య అక్కడే ఆయన కాళ్లు కడిగింది. వెనక నుంచి బైకులు హారన్ కొడుతున్నాయి. అటు నుంచి అటే శ్మశానానికి తీసుకుపోయారు. ఆ రోజు అమ్మ ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

మా వాళ్లలో, పోయిన మనిషిని ఇంటికి తెచ్చుకుంటాం. ఇంటి ముందు, తల దక్షిణానికి పెట్టి పండబెడతాం. తల దగ్గర దీపం, తర్వాత స్నానం, తర్వాత ప్రయాణం. సొంతిల్లుంటే ఇదంతా మామూలే. కిరాయి ఇంట్లో అయితే ఓనరు దయ. పోయింది మంచి నక్షత్రంలో కాకపోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలంటారు, అందుకని వాళ్లకు భయం. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు నీళ్లొస్తాయా, బండి పెట్టుకోవచ్చా అని అడుగుతాం. చావొచ్చా అని ఎవరడుగుతారు?

"బతుకంత రోడ్డు మీద బస్సుల కిందనే పండిండు" అంది అమ్మ. "ఆఖరికి గూడ రోడ్డు మీదనే పండవెడుదమా? నేను పండవెట్టనియ్య. నువ్వేం జేస్తవో చెయ్యి."

అమ్మ నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. అడిగింది ఇది ఒక్కటే. నేను ఆటో ఎక్కాను.

ఆంటీ తలుపు తీసి నా మొహం చూడగానే, "ఎలా ఉందమ్మా నాన్నగారికి?" అని అడిగింది. నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు. ఏదైనా జరిగితే బాపును ఇంటికి తెస్తాం అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. అంకుల్ లోపలి నుంచి వచ్చాడు.

"ఇంట్లోకి వద్దమ్మా. కోడలు నిండు నెలలతో ఉంది" అన్నాడు.

"ఇంట్లకు కాదు అంకుల్. అరుగు మీద. పొద్దున తెస్తే సందె లోపల తీస్కపోతం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంకుల్ ఎవరో పంతులుగారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు, నేను కూడా వినాలని కాబోలు. అవతలి గొంతు సందేహం లేకుండా చెప్పింది. గడప లెక్క కాదట. పైన స్లాబు నీడ ఎంతవరకు పడితే అంతవరకు ఇల్లేనట.

అప్పుడు నా నోరు ఆగలేదు.

"ఏంది ఆంటీ గిది? మా బాపు మంచమేసుకుంటే అరుగు వీధిదన్నరు. అందరిదన్నరు. గిప్పుడేమో ఇల్లంటున్రు. బతికున్న మనిషి పంటే వీధి, సచ్చిన మనిషి పంటే ఇల్లా?"

ఆంటీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోపం తెచ్చుకోకు తల్లీ. రేపు ఏ ధనిష్ఠా పంచకమో పడిందనుకో, ఆర్నెల్లు ఇంటికి తాళం వేయాలి. పురిటి మనిషిని పెట్టుకుని మేం ఎక్కడికి పోతాం చెప్పు?"

ఆవిడ అబద్ధం ఆడటం లేదు, నిజంగానే భయపడుతోంది. అది తెలిసి కూడా నా కోపం తగ్గలేదు. జవాబు దొరకని కోపం నాకు కాళ్లలోకి దిగుతుంది. మెట్లు దిగి గల్లీలో పడ్డాను.

ఆ రోజు నేను తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. ప్రతి ఇంటి ముందూ ఆగి అరుగు చూశాను. బాపు పడతాడా అని చూశాను. ఇన్నేళ్లు అదే గల్లీలో నడిచి కూడా అరుగులు ఇంత తగ్గిపోయాయని నేను గమనించలేదు. ఒకరు అరుగు కొట్టేసి బైకు ఎక్కడానికి ర్యాంపు పోసుకున్నారు. ఒకరు ఎవరూ కూర్చోకుండా టైల్సు ఏటవాలుగా వేయించారు. ఇంకొకరు చుట్టూ గ్రిల్లు కట్టి తాళం వేసి లోపల వాషింగ్ మిషను పెట్టుకున్నారు. బాగానే ఉన్న అరుగు ఒకటి కనబడింది, ఆ ఇంటావిడ నాకు తెలిసినామే. విషయం సగం చెప్పగానే, "మా అత్తమ్మకు బీపీ ఉంది, గిసొంటివి జూస్తే తట్టుకోదు" అంది. అత్తమ్మ వెనక నుంచి టీవీ సౌండు పెంచింది. గల్లీ దాటి మెయిన్ రోడ్డు పట్టుకుని బహదూర్‌పురా వైపు నడిచాను. అక్కడ ఎవరి అరుగు ఎవరిస్తారని? కాళ్లు నడుస్తుంటే నేనూ వెళ్లాను, అంతే. సగం దూరం పోయి, అమ్మ ఫోన్ చేస్తుందేమోనని మళ్లీ వెనక్కి తిరిగాను.

గల్లీలోకి రాగానే ఖాలా పిలిచింది. చబుత్రా మీద కూర్చుని ఉంది, ఒళ్లో చేట.

"క్యా బేటీ, సుబే సే చక్కరాఁ మార్రీ? పొద్దుగాల్నుంచి కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు."

"ఏం లేదు ఖాలా."

"ఝూట్ నక్కో బోల్, అబద్ధమాడకు. భాయ్ ఎట్లున్నడు?"

ఆమెను అడగాలని నాకు తట్టలేదు. తట్టలేదని కూడా అనను, తట్టినా తోసేశాను. వాళ్ల పద్ధతులు వేరు, మావి వేరు. దీపాలు, తులసి నీళ్లు, పసుపు అంటే వాళ్లింట్లో ఏమంటారో. అమ్మ ఏమంటుందో. అడిగి కాదనిపించుకుంటే రేపు ఆమె మొహం ఎలా చూడను అని కూడా అనుకున్నాను. కానీ భాయ్ ఎట్లున్నడు అనేసరికి నడిగల్లీలో నిలబడి భోరుమని ఏడ్చాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. స్లాబు నీడ సంగతి కూడా చెప్పాను.

ఖాలా విన్నంతసేపు చేటలో వేళ్లు కదుపుతూనే ఉంది. అంతా అయ్యాక చేట పక్కన పెట్టింది.

"తో యహాఁ లేకే ఆవ్" అంది. ఇక్కడికే తీసుకురా అని. "మా సాబును, మా ఇంటాయనను గూడ గీ చబుత్రా మీదికెల్లే లేపిన్రు. ఆ దినం జనాజాకు మీ బాపు గూడ భుజం పట్టిండు, నీకు యాద్ లేదు. గిటు జూడు, పైన అల్లా కప్పు తప్ప ఇంకో కప్పు లేదు. ఏ పంతులొచ్చి కొలుస్తడో కొల్వనీ."

ఆమె అప్పటికే లేచి నిలబడింది.

"తల ఎటు పెడ్తరు మీరు?"

"దక్షిణం ఖాలా."

ఆమె కాసేపు ఆలోచించి, నమాజుకు నిలబడినట్టు పడమటికి తిరిగి నిలబడింది. "ఖిబ్లా గిటు. అంటే దక్షిణం నా ఎడమ చెయ్యి దిక్కు." ఆ పక్కన గోడలో చిన్న గూడు ఉంది, ఎప్పుడో వాళ్ల అత్తగారి కాలంలో దీపం పెట్టుకునేవారట. "దియా గీ తాఖ్‌ల పెట్టుకోన్రి. గాలికి ఆరది." తర్వాత కోడలిని కేకేసి పుదీనా కుండీలన్నీ తీయించింది. బకెట్టు నీళ్లు కుమ్మరించి తనే చీపురు పట్టింది. నేను చీపురు లాక్కోబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది.

బండలు ఆరాక నేను జానలతో కొలిచాను. బాపు మా ఇంటి దర్వాజాలోంచి తల వంచకుండా ఎప్పుడూ వచ్చింది లేదు, అంత పొడుగు.

"కాళ్లు జర బయటికొస్తయ్ ఖాలా."

"కోయీ బాత్ నై. ముడుసుకుంటడు" అంది ఖాలా.

అనేసి ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. ఎవరు ముందు నవ్వారో తెలియదు, ఇద్దరం చబుత్రా పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆమె కొంగు నా మొహానికి అడ్డం పెట్టింది, గల్లీలో వాళ్లకు కనబడకుండా.

ఆసుపత్రికి తిరిగి వెళ్లి అమ్మకు చెప్పాను. ఒప్పుకోదేమో అనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుని, "తులసి నీళ్లు పోస్తే ఏమన్న అంటదా ఆమె?" అంది.

"ఏమనది. దీపం యాడ పెట్టాల్నో గూడ ఆమెనే చూపిచ్చింది."

"గట్లనా" అంది అమ్మ. అలాగే గోడకు తల ఆనించి నిద్రపోయింది. ఆసుపత్రికి వచ్చాక ఆమె కన్ను మూయడం అదే మొదటిసారి. నేను మాత్రం కారిడార్‌లో తిరుగుతూనే ఉన్నాను.

బాపు చావలేదు. ఎందుకు చావలేదో డాక్టరమ్మ చెప్పింది కానీ నాకు సగమే ఎక్కింది. జ్వరం దిగింది, మిషను తీశారు, గొట్టం తీశారు. గొంతు పెగలగానే ఆయన అడిగింది చాయ్. నాకు సంతోషంతో పాటు ఏదో దొంగతనం చేసినట్టు కూడా అనిపించింది. మనిషి లోపల ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేను బయట ఆయన్ను జానలతో కొలిచి వచ్చాను.

ఇంటికి తెచ్చిన రోజు ఆంటీ క్యారియర్‌లో పప్పూ చారూ పట్టుకుని దిగి వచ్చింది. "మీది పునర్జన్మ అన్నయ్యగారూ" అంది, కళ్లు తుడుచుకుంది. బాపు దండం పెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్లి ఊరికే గిన్నెలు చప్పుడు చేశాను.

జరిగింది బాపుకు చెప్పొద్దని మేం ముగ్గురం అనుకున్నాం, అమ్మ, నేను, ఖాలా. బాపు మంచం దిగి గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడానికి కొన్నాళ్లు పట్టింది. ఒక సాయంత్రం బయటికి పోతానన్నాడు. మా అరుగు మీద దుప్పటి పరిచి పెట్టాను. ఆయన దాని దగ్గర ఆగాడు, ఎదురుగా చేటతో కూర్చున్న ఖాలాను చూశాడు, కూర్చోలేదు. మెల్లగా గల్లీ దాటి ఖాలా చబుత్రా మీద కూర్చున్నాడు. ఖాలా పక్కకు జరిగింది. నేను వెనకే వెళ్లి నిలబడ్డాను.

బాపు చేత్తో బండలు తడిమాడు. కుండీలు ఉన్న చోట గుండ్రటి మరకలు ఇంకా పోలేదు.

"ఆపా, పుదీన యాడ బోయింది?"

"మిద్దె మీద పెట్టిచ్చిన భాయ్. ఎండ మంచిగ తగుల్తది."

బాపు తలూపాడు. తర్వాత గోడలోని గూట్లోకి చూశాడు. అందులో ఆ రోజు ఖాలా పెట్టించిన కొత్త మట్టి ప్రమిద, నూనె పోయని వత్తి. అది తీయాలని మాలో ఎవరికీ గుర్తు లేదు. బాపు బతుకంతా ఏ సామాను ఎక్కడ ఎందుకుందో చూసి చెప్పిన మనిషి. ప్రమిదను చూశాడు, పడమటికి పోతున్న ఎండను చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఖాలా చేటలో రాళ్లు లేకపోయినా ఏరుతోంది.

"తల గిటేనా?" అని అడిగాడు బాపు.

ఆయన కండువా తీసి గూడు ఉన్న వైపు పరిచి, దాని మీద తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. మా గడప దగ్గర నుంచి అమ్మ చాయ్ గ్లాసుతో చూసి పరుగెత్తుకొచ్చింది. "లెవ్వు, ఏం పండుడది, లెవ్వు జల్ది" అంటోంది, గ్లాసు చేతిలో తొణికిపోతోంది. పైన బాల్కనీలో ఆంటీ బట్టలు తీస్తూ ఆగిపోయింది. బాపు లేవలేదు. ఆకాశం చూస్తూ ఉన్నాడు.

"సల్లగుంది ఆపా, బండ" అన్నాడు. కాసేపు అయ్యాక తల కొంచెం ఎత్తి తన పాదాలు చూసుకున్నాడు. అవి చబుత్రా దాటి గల్లీలోకి వచ్చాయి. "గని కాళ్లు బయటికొస్తున్నయ్."

ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముడుసుకో భాయ్."

బాపు మోకాళ్లు ముడుచుకున్నాడు. ఆయన పాదాలు జరిగి ఖాళీ అయిన చోట నేను కూర్చున్నాను. చాయ్ చల్లారే వరకు లేవలేదు.